కొత్త ఊళ్లో మంచి తిండి దొరకాలంటే: గిన్నె ఎంతసేపటికి ఖాళీ అవుతోందో చూడండి

నమస్కారం. కొత్త ఊరికి మారారు. సగం సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది, వంటిల్లు సర్దలేదు, ఆకలి దంచేస్తోంది. ఫోన్ తీసి "దగ్గర్లో మంచి హోటల్" అని కొడతారు. పైన కనబడ్డ మూడింట్లో ఒకదానికి వెళ్తారు. తిన్నాక "ఈ ఊళ్లో తిండే బాగోదు" అని తేల్చేస్తారు. నింద పాపం ఊరి మీద పడుతుంది.

ఆ మూడు పేర్లు పైకి ఎలా వచ్చాయో ముందు చూద్దాం. గూగుల్ మ్యాప్స్ సంగతే తీసుకోండి. ఏ లెక్కన వరుస పెడతారో ఆ కంపెనీయే చెప్పింది. మీరు కొట్టిన మాటకి ఆ చోటు ఎంత సరిపోతోంది, మీకు ఎంత దూరంలో ఉంది, ఎంత పేరు పడింది. ముఖ్యంగా ఈ మూడే. ఇందులో రుచి అన్న మాట ఎక్కడైనా వినబడిందా? దాని పైన మళ్లీ డబ్బు కట్టి ఎక్కిన ప్రకటనలు. పేరు దగ్గర చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" అని ఉంటుంది, దాటేయండి.

సరే, మరి దేన్ని చూడాలి? ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ హోటల్ ఎవరి మీద బతుకుతోంది? రైలు దిగి, తిని, మళ్లీ ఈ జన్మలో రానివాళ్ల మీద బతికే హోటల్‌కి రుచి తప్పనిసరి కాదు. నిన్న తిన్నవాడు తిట్టుకున్నా ఇవాళ ఇంకొకడు దిగుతాడు. అదే పక్క ఆఫీసుల వాళ్లో, మార్కెట్ హమాలీలో, ఎదురు షాపుల వాళ్లో రోజూ వచ్చే చోటైతే, వరుసగా నాలుగు రోజులు వంట పాడైతే అయిదో రోజు బల్లలు ఖాళీ. వాళ్ల నాలుకే అక్కడ ఇన్‌స్పెక్టరు. పైగా రోజూ వచ్చేవాళ్లుంటే వండింది వండినట్టే అయిపోతుంది. ఎంత తొందరగా అయిపోతే అంత తాజాగా మళ్లీ వండాలి. రుచి, శుభ్రం రెండూ చాలావరకు ఈ తిరుగుడు మీదే ఆధారపడి ఉంటాయి.

అందుకే స్టేషన్ ఎదురుగా, చూడదగ్గ కట్టడాల పక్కన, వాకిట్లో మనిషి నిలబడి చెయ్యూపి పిలిచే చోట, ఆరు భాషల్లో ఫొటోల మెనూ ఉన్న చోట కాస్త ఆగి ఆలోచించండి. అక్కడ మంచివి అసలుండవని కాదు. మంచిగా ఉండి తీరాల్సిన ఒత్తిడి వాటికి తక్కువ, అంతే. వాటి నుంచి రెండు మూడు సందులు లోపలికి నడవండి. పని దినం మధ్యాహ్నమైతే ఆఫీసుల వెనక వీధులు, తెల్లవారుజామునైతే కూరగాయల టోకు మార్కెట్ చుట్టుపక్కల, అర్ధరాత్రయితే పెద్దాసుపత్రి, బస్సు డిపో పరిసరాలు. ఆ వేళకి ఆకలితో ఎవరుంటారో వాళ్లుండే చోటికి వెళ్లడమే కిటుకు.

రోజువారీ జనాన్ని గుర్తుపట్టడం తేలికే. మెనూ చూడకుండా చెప్పేస్తారు. ఇంకా పాతకాపులైతే చెప్పకముందే ప్లేటు వచ్చేస్తుంది. ఒంటరిగా కూర్చుని తొందరగా తిని లేచిపోయేవాళ్లు ఎక్కువగా ఉంటారు. బోర్డు మీద చాక్‌పీస్‌తో రాసి, అయిపోయినవాటిని కొట్టేసి ఉంటే ఇంకా మంచిది. "అది అయిపోయిందండీ" అన్న మాట వినబడితే విసుక్కోకండి. అయిపోవడమనేది లేని వంటగదినే అనుమానించాలి.

ఇక రేటింగుల సంగతి. పన్నెండు మంది అయిదేసి స్టార్లు ఇస్తే 5.0 కనబడుతుంది. పదమూడోవాడు ఒక్క స్టార్ పడేస్తే 4.7కి దిగిపోతుంది. అదే రెండు వేల మంది కలిసి ఇచ్చిన సరాసరి సరిగ్గా 4.3 ఉంటే, వరుసగా ముప్ఫై ఒక్క మంది ఒక్కో స్టార్ వేస్తే గానీ అది 4.2 అవదు. అంటే చిన్న సంఖ్య మీద నిలబడ్డ 4.9 కన్నా పెద్ద సంఖ్య మీద నిలబడ్డ 4.3ని నమ్మొచ్చు. అయితే అది నిన్నటి మాట. వంటమాస్టర్ మారినా పాత స్టార్లు అలాగే వేలాడుతుంటాయి. కాబట్టి రివ్యూలను "కొత్తవి ముందు" అని మార్చుకుని, గత మూడు నెలలవి మాత్రం చదవండి. అందులోనూ మూడు స్టార్లవి. అయిదిచ్చినవాడు మురిసిపోయి రాస్తాడు, ఒకటిచ్చినవాడు మండిపడి రాస్తాడు. మూడిచ్చినవాడు మాత్రం ఏది బాగుందో ఏది బాగోలేదో విడమర్చి చెబుతాడు. ఒక్క స్టార్ వాటిలో పార్కింగ్, ఏసీ, డెలివరీ ఆలస్యం లాంటివి పక్కన పెట్టి, "పాచి వాసన", "వేడిగా తెచ్చిన కూర లోపల చల్లగా ఉంది", "కడుపు పాడైంది" అన్నవి వేర్వేరు నెలల్లో, వేర్వేరు మనుషుల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్నాయా అని చూడండి.

డబ్బిచ్చి రాయించినవి చాలావరకు దొరికిపోతాయి. రెండు రోజుల్లో ఇరవై రివ్యూలు, ఆ తర్వాత నెలలపాటు నిశ్శబ్దం. హోటల్ పూర్తి పేరు, పేట పేరుతో సహా వాక్యంలో ఇరికించడం. తిన్నదేమిటో ఒక్క ముక్క చెప్పకుండా "అద్భుతమైన అనుభవం" అనడం. రాసినవాడి ప్రొఫైల్ తెరిస్తే జన్మకి అదొక్కటే రివ్యూ.

ఫొటోల్లో యజమాని పెట్టినవి వదిలేసి, జనం తీసినవి చూడండి. ఒకే పదార్థం పదిమంది ఫొటోల్లో కనబడితే ఆ హోటల్‌ని నిలబెడుతున్నది అదే. ఇంకో పని, చాలామంది చెయ్యరు: ఆ ఊరి భాష మీకు రాకపోయినా, పదార్థం పేరుని ఆ ఊరి లిపిలోనే వెతకండి. అనువాదం యాప్‌లో పేరు తీసుకుని మ్యాప్‌లో అతికిస్తే చాలు. ఇంగ్లీషులో వెతికితే తేలని చిన్న చిన్న చోట్లు అప్పుడు బయటపడతాయి, ఎందుకంటే వాటి బోర్డులూ రివ్యూలూ ఆ లిపిలోనే ఉంటాయి.

మనుషుల్ని అడగొచ్చు కదా అంటారా? తప్పకుండా అడగండి, కానీ ప్రశ్న మార్చాలి. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అంటే ఎవరైనా మిమ్మల్ని అతిథిగా చూసి, చుట్టాల్ని తీసుకెళ్లే ఖరీదైన చోటు చెబుతారు. "నిన్న మధ్యాహ్నం మీరెక్కడ తిన్నారు?" అనండి. జవాబు మారిపోతుంది. కూరగాయలమ్మేవాళ్లని "మీ దగ్గర రోజూ మంచి సరుకు ఏరి కొనుక్కెళ్లే హోటల్ వాళ్లెవరు?" అని అడగండి. నాసిరకం గంపగుత్తగా కొనేదెవరో కూడా వాళ్లకి తెలుసు, కాస్త పరిచయమయ్యాక చెబుతారు. డెలివరీ కుర్రాళ్లు వంటగది గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు, కాబట్టి లోపలి అవతారం చూస్తుంటారు. "మీరైతే ఎక్కడ తినరు?" అన్నదే వాళ్లకి వెయ్యాల్సిన ప్రశ్న. డ్రైవర్లు చెప్పిందాన్ని కొంచెం తగ్గించి తీసుకోండి. బండి ఆపే చోటు, త్వరగా పెట్టడం వాళ్లకి ముఖ్యం. కొన్ని చోట్ల కమిషన్ కూడా ఉంటుంది. లాడ్జి రిసెప్షన్‌కీ ఇదే మాట.

సప్లయర్ని "ఏది బాగుంటుంది?" అని అడగడం దండగ. అన్నీ బాగుంటాయంటాడు, లేదా మిగిలిపోతున్నది అంటగడతాడు. "ఈ పూట ఏది ముందు అయిపోతుంది?" అని అడగండి. దీనికి అబద్ధం చెప్పడానికి అతనికి పెద్ద కారణం ఉండదు.

ఇప్పుడు లోపలికి వెళ్లాం. కూర్చునే ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. వేడిగా పెట్టాల్సిన గిన్నెల్లోంచి ఆవిరి వస్తోందా? వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల కింద ఉండాలి. మధ్యలో ఉన్నంతసేపూ బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. బయట మామూలు గది వేడిలో రెండు గంటలు దాటితే దాన్ని తినే లెక్కలోంచి తీసెయ్యాలి. వండిన అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా పడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పొద్దున్నే వండి మూతపెట్టి వదిలేసిన అన్నం సాయంత్రం వేయించి పెడితే వాసన తెలియదు, రుచి తెలియదు, రాత్రికి వాంతులు మాత్రం తెలుస్తాయి.

బాండీ కనబడితే నూనె చూడండి. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, వేసే పదార్థాన్ని బట్టి కూడా నూనె నల్లబడుతుంది. పదార్థం తీసేశాక కూడా నురుగు అణగకుండా నిలబడి ఉండటం, మామూలు మంటకే పొగ రావడం, గరిటె నుంచి జిగటగా సాగడం, గొంతులో గరగర పుట్టించే ఘాటు వాసన. ఇవి కనబడితే వేపుడు వద్దు, ఇంకోటి తినండి.

చేతి తొడుగులు చూసి మురిసిపోవద్దు. ఆ తొడుగుతోనే చిల్లర లెక్కపెట్టి, ఆ తొడుగుతోనే వడ్డిస్తుంటే ఉత్తి చెయ్యే నయం, కనీసం కడుక్కుంటారు. చెయ్యి కడిగే చోట సబ్బు ఉందా, నీళ్లు వస్తున్నాయా చూడండి. మీకు కనబడే చోటే అలా ఉంటే, కనబడని చోటు మీరే ఊహించుకోండి.

మెనూలో నూట యాభై రకాలుండి, లోపల నాలుగు పొయ్యిలుంటే ఏం జరుగుతుందో చెప్పనా? పొద్దున చేసి పెట్టుకున్న మూడు నాలుగు మూల గ్రేవీలు, ఒక ఫ్రీజరు. పేర్లు వేరు, గిన్నె ఒకటే. ఇలాంటి చోట తప్పనిసరైతే పక్క బల్లల మీద ఎక్కువగా కనబడేదే చెప్పండి.

మొదటిసారి రెండే చెప్పండి, చిన్న సైజులో. ఒకటి ఆ హోటల్‌కి పేరు తెచ్చినది. రెండోది అక్కడ అన్నిటికన్నా సాదాది. మసాలాతో తప్పులు కప్పిపుచ్చొచ్చు. సాదా వంటకంలో ఉప్పు, ఉడుకు, తాజాదనం తప్ప దాక్కోవడానికి ఏమీ ఉండదు. వేళ కూడా ముఖ్యమే. రద్దీ మొదలైన అరగంటకి వెళ్తే గిన్నెలు తిరుగుతూ ఉంటాయి, కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనాలు ముగిసి సాయంత్రం మొదలుకాని వేళ వెళ్లి, అడుగు మిగిలింది తిని, హోటల్ని తిట్టడం న్యాయం కాదు. వరుస సెలవుల మర్నాడు కూడా వద్దు, సరుకు పాతది ఉండొచ్చు.

ఏదైనా పడనివాళ్లు, కొన్ని తిననివాళ్లు ఒక్క మాట వినండి. "శాకాహారం" అన్న మాటకి ఊరూరా అర్థం మారుతుంది. కొన్ని చోట్ల ముక్క కనబడకపోతే చాలు శాకాహారమే. అందుకే ఆ ఊరి భాషలో ఫోన్‌లో రాసి పెట్టుకోండి: మాంసం, చేప, రొయ్య, గుడ్డు, ఎముకల రసం, చేపతో చేసిన సాస్, జంతువుల ఎముకలూ తోలూ నుంచి తీసే జెలటిన్ అని విడివిడిగా. అలర్జీ ఉంటే "ఒకే నూనెలో, ఒకే గరిటెతో చేస్తారా?" అనేది కూడా అందులోనే రాయండి. అవతలి మనిషి అరక్షణం తడబడి "ఏం కాదులెండి" అంటే లేచి వచ్చెయ్యండి.

ఒకవేళ కడుపు పాడైతే ఆఖరున తిన్న హోటల్‌ని వెంటనే తిట్టకండి. ఏ క్రిమి వల్లో దాన్ని బట్టి తెలిసే వేళ మారుతుంది. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా విషమైతే తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల్లో తెలుస్తుంది. నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు. సాల్మొనెల్లా అనే బాక్టీరియాకి ఆరు గంటల నుంచి ఆరు రోజులు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. రెండూ టీ చెంచాతో, తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. రక్తం పడినా, ఎక్కువ జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా డాక్టరే.

డెలివరీ తెప్పించుకుని హోటల్‌కి మార్కులు వెయ్యొద్దు. మూసిన డబ్బాలో అరగంట ఆవిరి పట్టిన వేపుడు మెత్తబడటం వంటమాస్టర్ తప్పు కాదు. యాప్‌లో అయిదు పేర్లు, అయిదు రకాల వంటలు కనబడుతున్నాయా? ఒక్కోదాని అడ్రసు చూడండి. అయిదింటికీ ఒకే అడ్రసు ఉంటే ఒకే వంటగది కావొచ్చు. కూర్చుని తినే చోటు లేనిదైతే లోపలికి తొంగిచూసే అవకాశం కూడా మీకుండదు.

చివరిగా, మ్యాప్‌లో ఒక జాబితా పెట్టుకోండి. పేరొక్కటే రాస్తే మూడు నెలలకి పనికిరాదు. ఏ పదార్థం, ఏ రోజు, ఏ వేళ, అన్నవి రాయండి. నడిచి పావుగంటలో చేరగలిగే మేర ముందు ముగించండి, దూరంవి తర్వాత. వారానికి రెండు కొత్తవి చాలు, మిగతా పూటలు బాగున్నవాటికే వెళ్లండి, మీ మొహం వాళ్లకి గుర్తుండాలి. మూడు వేర్వేరు వేళల్లో తిన్నాక గానీ ఏ చోటునీ ఖాయం చేసుకోవద్దు. ఖాయమైన చోట ఎప్పుడైనా ఉప్పు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ కావడం మొదలైతే వంటమాస్టర్ మారాడేమో కౌంటర్ దగ్గర అడగండి. మారితే రెండు వారాలు ఆగి, ఒకసారి ఆ సాదా వంటకమే మళ్లీ చెప్పి చూడండి.