‘జీరో బైట్స్’ చూపించే పెన్‌డ్రైవ్‌కు ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించడం

(దృశ్యం: అమలాపురంలో ఒక ఫోటో స్టూడియో. బల్లపై మూత విప్పిన పెన్‌డ్రైవ్.)

నమస్కారం. కోనసీమలో పెళ్లి వీడియో ఇంటికి చేరేదీ, ట్రాక్టరులో పాటలు మోగేదీ పెన్‌డ్రైవ్‌తోనే. అది ఒకనాడు ‘డిస్క్ పెట్టండి’ అని అడిగినా, సామర్థ్యం సున్నా అని చూపినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ప్రయోజనం ఉండదు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కాంటాక్టులపై మరక పడవచ్చు కనుక, ముందు వాటిని పెన్సిల్ రబ్బరుతో తుడిచి చూడండి.

(దృశ్యం: రెండు చిప్పులు, దగ్గరగా.)

పెద్ద చిప్పు మెమరీ, చిన్నది దాన్ని నడిపే కంట్రోలర్. కంట్రోలర్‌లో శాశ్వతంగా ఉండేది చిన్న ఆరంభ ప్రోగ్రామ్ మాత్రమే; అసలు ఫర్మ్‌వేర్, అంటే పెన్‌డ్రైవ్‌ను నడిపే ప్రోగ్రామ్, మెమరీలో చెడిపోయిన బ్లాకుల (భాగాల) పట్టికతో సహా, చాలా పెన్‌డ్రైవ్‌లలో ఆ మెమరీ చిప్పులోనే మరుగుభాగంలో ఉంటుంది. డేటా రాస్తుండగా కరెంటు పోయి ఆ భాగం దెబ్బతింటే, తాళంచెవి లోపలే ఉంచి తలుపు వేసుకున్నవారి స్థితి కంట్రోలర్‌ది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పాత డేటా పూర్తిగా పోతుంది. పెళ్లి వీడియోకు మరో కాపీ లేకపోతే, దీన్ని ముట్టుకోకుండా డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.

(దృశ్యం: కంప్యూటర్ తెర.)

పైనున్న బ్రాండ్ పేరును నమ్మవద్దు. ఒకే మోడల్‌లోనూ వేర్వేరు కంట్రోలర్లు వస్తాయి. చిప్‌జీనియస్ ప్రోగ్రామ్‌తో గానీ, చిప్పుపై అక్షరాలు చదివి గానీ కంట్రోలర్ సంఖ్య తెలుసుకొని, అది ఫిసన్ కంపెనీదైతే ఫిసన్‌కు, సిలికాన్ మోషన్ కంపెనీదైతే దానికి చెందిన మాస్ ప్రొడక్షన్ టూల్‌ను (ఫర్మ్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్‌ను), మీ మెమరీ చిప్పును గుర్తించే వెర్షన్‌లో వెతకాలి. ఇవి కర్మాగారాల కోసం తయారైనవి, బయట దొరికే కాపీలలో వైరస్ ఉండవచ్చు. కాబట్టి రోజూ వాడని పాత కంప్యూటర్‌లోనే నడపండి.

టూల్ పెన్‌డ్రైవ్‌ను గుర్తించకపోతే, 48 కాళ్ల మెమరీ చిప్పులో చుక్క ఉన్న మూల నుంచి అపసవ్యంగా లెక్కించి, 29, 30 కాళ్లను చిమటాతో కలిపి పట్టుకొని పోర్టులో పెట్టండి, గుర్తించగానే వదిలేయండి. ఆ రెండూ డేటా కాళ్లు. దగ్గరలోని 36, 37 గ్రౌండ్, విద్యుత్ కాళ్లు. వాటిని కలిపితే షార్ట్ అవుతుంది. మెమరీ, కంట్రోలర్ ఒకే ముక్కగా పోతపోసిన రకాలకు ఈ దారి లేదు.

టూల్ మొదలయ్యాక పెన్‌డ్రైవ్‌ను కదపకండి. పని ముగిశాక చెడిన బ్లాకులు పక్కకు పోయి సామర్థ్యం తగ్గవచ్చు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో చివరిదాకా రాసి, చదివి చూడండి. అది నెగ్గినా, ఆ పెన్‌డ్రైవ్‌ను నేను ట్రాక్టరు పాటలకు ఇస్తాను తప్ప పెళ్లి వీడియోకు ఇవ్వను.