ఫ్లోరైడ్ పెల్లెట్‌లో అయాన్ వాటా ఎంత, ఎలక్ట్రాన్ వాటా ఎంత?

నమస్కారమండీ. ఇవాళ మన శాంపిల్ ఎల్‌బీఎఫ్, అంటే 10 శాతం బేరియం కలిపిన లాంథనం ఫ్లోరైడ్. లాంథనం ప్లస్ 3, బేరియం ప్లస్ 2. కాబట్టి ఒక్కో బేరియంకి ఒక ఫ్లోరైడ్ ఖాళీ. అయాన్ గెంతేది ఆ ఖాళీల్లోకే.

పెల్లెట్, అంటే పొడిని నొక్కి చేసిన బిళ్ల, ఇదిగో. 10 మిల్లీమీటర్ల డై (అచ్చు), మందం 1 మిల్లీమీటర్, రెండు వైపులా గోల్డ్. నొక్కడం, కోటింగ్ మీకు తెలిసినవే. అంచు మీదికి మాత్రం గోల్డ్ పాకకూడదు, మాస్క్ పెట్టండి.

ముందు ఇంపెడెన్స్, అంటే ఏసీ ఇచ్చి నిరోధం కొలవడం. 1 మెగాహెర్ట్జ్ నుంచి 0.1 హెర్ట్జ్, 50 మిల్లీవోల్ట్‌లు, రన్. గ్రాఫ్‌లో అర్ధవృత్తం, వెనకే తోక. రెండూ కలిసే చోటు, ఇక్కడ, 1,30,000 ఓమ్‌లు. మందం 0.1 సెంటీమీటరు, వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. లెక్కేస్తే సుమారు 10 పవర్ మైనస్ 6 సీమెన్స్ పర్ సెంటీమీటర్. ఈ గ్రాఫ్‌కి మోడల్‌ని సరిపెట్టడానికి, అంటే ఫిట్టింగ్‌కి, నేనైతే పైథాన్‌లో ఇంపెడెన్స్ డాట్ పై వాడతాను. ఉచితం, ఫైళ్లన్నీ లూప్‌లో పెట్టేయొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. అదే సెల్, డీసీ 0.2 వోల్ట్‌లు. మొదట్లో కరెంట్ 1.5 మైక్రోయాంప్, దాదాపు అంతా అయాన్లదే. అవి గోల్డ్ దగ్గర ఆగిపోతాయి, మిగిలేది ఎలక్ట్రాన్లది. పది నిమిషాలకి గీత చదునైపోయినట్టుంది కదా? వై యాక్సిస్ లాగ్‌లో పెట్టండి. చూశారా, ఇంకా దిగుతోంది! ఇక్కడ 20 నానోయాంప్. రాత్రంతా వదిలేస్తే, ఇదిగో, 0.8. తొందరపడితే ఎలక్ట్రాన్ వాటా 25 రెట్లు ఎక్కువ చూపిస్తాం. 0.8 నానోయాంప్‌ని 1.5 మైక్రోయాంప్‌తో భాగిస్తే 0.05 శాతం.

ఆగండి, ఆ 0.8 కూడా శాంపిల్‌దేనా? చెన్నైలో ఈ ఉక్కకి హోల్డర్ మీద తేమ పొర పడుతుంది, దాంట్లోంచీ నానోయాంప్‌లు కారుతాయి. పెల్లెట్ లేకుండా ఖాళీ హోల్డర్‌కి అదే 0.2 వోల్ట్‌లిచ్చి చూడండి. 0.5 నానోయాంప్ వచ్చిందా, మీ 0.8ని నమ్మకండి. హోల్డర్ ఆరబెట్టి, తేమ లేని ఆర్గాన్ గ్యాస్ నింపిన బాక్స్‌లో మళ్లీ కొలవండి. కేబుల్ షీల్డెడే వాడండి, రన్ అవుతుండగా కదపొద్దు.

తర్వాత 0.1, 0.3 వోల్ట్‌లు కూడా. కరెంట్ అదే నిష్పత్తిలో పెరగాలి. ఉన్నట్టుండి ఎగబాకితే ఎలక్ట్రోలైట్, అంటే మన శాంపిలే, విడిపోతోందేమో, అది ఎలక్ట్రాన్ కండక్షన్ లెక్కలోకి రాదు.

వేడి చేసి కొలిస్తే అయాన్, ఎలక్ట్రాన్ కండక్షన్ రెండూ మారతాయి, వేరు వేరు వేగాలతో. అందుకే ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ఇంపెడెన్స్, డీసీ రెండూ చేయండి. ఫైల్ పేరులో ఆ ఉష్ణోగ్రత రాసుకోండి.