సీతాసాగరం నీటిచుక్కలో

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ముందుకు రండి.

ఈ తొట్టెలో రంగుచేపలు లేవు. మన పర్లాకిమిడి సీతాసాగరం నీళ్లు, గుప్పెడు నాచు, అడుగున కాస్త బురద, అంతే. మూడు నెలలుగా నీళ్లు మార్చలేదు. ఆవిరైనంత మాత్రం పోస్తున్నాను.

మైక్రోస్కోపులో చూసే చుక్క ఎక్కడ తీశామన్నదే సగం పని. నడిమి నీళ్లలో తీస్తే తరచు ఏమీ కనిపించదు. నాచు ఆకు గిల్లి ముక్కతో సహా స్లయిడు మీద పెట్టండి.

రోటిఫర్, వోర్టిసెల్లా అని రెండు చిన్న నీటిజీవులున్నాయి. నెలరోజులు నేను రోటిఫర్‌ని వోర్టిసెల్లా అనే రాసుకున్నాను. రెండూ ఆకును పట్టుకునే ఉంటాయి, రెండింటికీ నోటి చుట్టూ నూగు గిర్రున తిరుగుతున్నట్టుంటుంది. బల్లను మెల్లగా తట్టండి. వోర్టిసెల్లా గంటలా ఉంటుంది; కాడ స్ప్రింగులా చుట్టుకుని గంటను ఆకు దగ్గరికి లాగేస్తుంది. రోటిఫర్ గొట్టంలోకి గొట్టం దూరినట్టు ముడుచుకుంటుంది. మళ్లీ సాగాక లోపలికి చూడండి, దవడలు నములుతూ కనిపిస్తాయి. వోర్టిసెల్లాది ఒకటే కణం, దానికి దవడలెక్కడివి? రోటిఫర్‌లో సుమారు 1000 కణాలుంటాయి. అందుకే ముందు నడక చూడండి, పేరు తరవాత.

పారమీషియం అనే ఇంకో ఒంటికణం జీవి ఒకచోట నిలవదు. చుక్కలో నాలుగు దూదిపోగులు వేస్తే వాటి మధ్య చిక్కి నెమ్మదిస్తుంది.

తెల్లటి నలుసు గంతులేస్తుంటే అది సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు కావచ్చు. ఒకటే కన్ను, ఆడదైతే తోకకి అటూ ఇటూ రెండు గుడ్లసంచులు. ఒకప్పుడు నారికురుపు అనే పురుగు జబ్బు మనుషుల్లోకి వచ్చింది దీన్ని నీళ్లతో పాటు మింగడం వల్లనే. గుడ్డతో వడకడితే ఆగిపోయేంత పెద్దది. 2000లో మన దేశం ఆ జబ్బునుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాని వెనక వడకట్టిన గుడ్డలెన్నో!

పేర్ల సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పంతులుగా వచ్చిన ఊరిది; నోటిమాటను రాతలోకి తెమ్మని పోరాడినవారు. మా వీధి పిల్లలు రోటిఫర్‌ని ‘రాట్నం’ అంటారు. లాటిన్ పేరుకీ ‘చక్రం మోసేది’ అనే అర్థం! పక్కింటి ఒడియా పిల్లలు ఇంకో పేరు పెట్టారు. అందుకే నోట్‌బుక్కులో మూడు గడులు గీయండి: మన పేరు, వాళ్ల పేరు, లాటిన్ పేరు. మూడోదాని దగ్గర ఇద్దరూ కలుస్తారు. పక్కన బొమ్మ గీసి, చుక్క ఎక్కడిదో రాయండి.

ఇప్పుడు మైక్రోస్కోపు కింద ఆకు అడుగువైపు ముక్క ఉంది. చిన్నవాళ్లు ముందు రండి. తట్టేది ఒక్కరే, మెల్లగా.