ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చేయాలి? అనుకునేవాళ్ల కోసం

అందరికీ ప్రైజ్ ద లార్డ్. ప్రార్థన ఎందుకు చేయాలి అనేది ఈ వీడియోలో చెప్పట్లేదు, అది మీకు తెలుసు. మోకరించి "ప్రభువా" అన్నాక ఇంకో మాట రాక ఆగిపోతారు చూడండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.

చాలామందికి అక్కడ బ్రేక్ పడేది మాటలు రాక కాదండి, మొహం చెల్లక. వారమంతా బైబిల్ తెరవలేదు, నిన్నే ఇంట్లో వాళ్ల మీద అరిచేశాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను, ముందు కాస్త బాగుపడి అప్పుడు వెళ్తాలే అనుకుంటారు. వినడానికి భక్తిలాగే ఉంటుంది, కానీ హెబ్రీ 4:16 చూడండి. ధైర్యంతో కృపాసనం దగ్గరికి, అంటే కృప దొరికే దేవుని సింహాసనం దగ్గరికి రమ్మంటోంది, ఎందుకు రమ్మంటోంది? కనికరం పొందడానికి. కనికరం ఎవరికి కావాలి, అన్నీ సరిచేసుకుని వచ్చినవాడికా?

ఆ ధైర్యం ఎక్కడిదంటే, పాత నిబంధనలో మందిరం లోపల దేవుని సన్నిధి ఉండే అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేది ప్రధాన యాజకుడు ఒక్కడే, అదీ సంవత్సరానికి ఒక్కసారి, రక్తం చేతపట్టుకుని. మిగతా జనమంతా దాని ముందు వేలాడే తెరకి ఇవతలే. యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు ఆ తెర పైనుంచి కింద దాకా రెండుగా చినిగింది అని మత్తయి 27:51లో ఉంటుంది. పైనుంచి అన్నది గమనించండి, కింద నిలబడి మనం చింపింది కాదు. మనం "యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ" అనేది కూడా అందుకే, అది ప్రార్థన అయిపోయిందని చెప్పే సిగ్నల్ కాదు, నేను ఎవరి పేరు మీద లోపలికి వచ్చానో చెప్పడం.

[స్క్రీన్ మీద: 1 సమూయేలు 1:9-18]

ఇప్పుడు హన్నా దగ్గరికి వద్దాం, నాకు బైబిల్లో బాగా ఇష్టమైన ప్రార్థన ఇది. పిల్లలు లేరు, సవతి పోరు, భోజనం కూడా మానేసి ఏడుస్తోంది. మందిరానికి వచ్చింది, పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం వినపడట్లేదు. తలుపు దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ చూసి ఈవిడ తాగి వచ్చింది అనుకున్నాడు, ఆ మాట అనేశాడు కూడా! అంటే చూసేవాళ్లకి అది ప్రార్థనలా లేనే లేదు. ఆమె ఏమంది, నేను తాగలేదు, నా ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నాను అంది. అక్కడి నుంచి వెళ్లి భోజనం చేసింది, మొహంలో దుఃఖం పోయింది, అప్పటికి ఇంకా బిడ్డ పుట్టలేదు. నేను ఆ వచనం దగ్గర ప్రతిసారీ ఆగుతాను.

కాబట్టి ప్రార్థన కోసం వేరే గొంతు, వేరే భాష అక్కర్లేదు. పక్కవాళ్లు అనర్గళంగా చేస్తుంటే మనకి రాదే అని ముడుచుకుపోకండి. లూకా 18లో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, దూరంగా నిలబడి, తల కూడా ఎత్తకుండా "దేవా, పాపినైన నన్ను కరుణించు" అన్నాడు, అంతే, నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే, ఉపవాసాలూ దశమభాగాలూ లెక్క చెప్పిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు, కాదు.

మరి ఏం అడగాలి? శిష్యులకి నేర్పిన ప్రార్థన ఉంది కదా, మత్తయి 6:9 నుంచి. దాన్ని గబగబా అప్పజెప్పేయకుండా ఒక్కో మాట దగ్గర ఆగి మీ సంగతి చెప్పండి. ముందు తండ్రీ అని పిలవడం, ఆయన నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం, ఆ తర్వాతే మన ఆహారం. అనుదినాహారం దగ్గర ఉద్యోగం, అప్పులు, మందుల ఖర్చు అన్నీ చెప్పుకోవచ్చు, ఇంత చిన్న విషయం దేవుడికి ఎందుకులే అనుకోవద్దు. ఒక్కటి మాత్రం సీరియస్‌గా తీసుకోండి, ప్రార్థన అయిపోయాక యేసు వెనక్కి వచ్చి మళ్లీ వివరించింది క్షమాపణ గురించిన మాటనే. ఎవరి మీదైనా కక్ష పట్టుకుని కూర్చుంటే అది అలా వదిలేసేది కాదు.

కామెంట్స్‌లో ఒకటి తరచుగా అడుగుతున్నారు, అడిగిందే మళ్లీ మళ్లీ అడిగితే అవిశ్వాసమా అని. కాదండి. యేసు వద్దన్నది వ్యర్థమైన మాటలు, ఎక్కువ మాట్లాడితే దేవుడు వింటాడు అనుకోవడం. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె, అంటే ఆ శ్రమ, తొలగించమని ఆయనే మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు. గిన్నె తొలగిపోలేదు, అపొస్తలుడైన పౌలు తీసేయమని మూడుసార్లు వేడుకున్న ముల్లు, అంటే తన శరీరంలోని బాధ, కూడా పోలేదు, "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది. అడిగింది అడిగినట్టు దొరుకుతుందని గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఈ రెండు చోట్లా ఏం చెప్తారో మరి.

ఇంకొకటి, కళ్లు మూసుకోగానే మనసు ఎటో వెళ్లిపోతోంది అంటారు. ఎటు వెళ్లిందో చూడండి. రేపటి ఇంటర్వ్యూ దగ్గరికా, పిల్లాడి జ్వరం దగ్గరికా, మిమ్మల్ని అవమానించిన మనిషి దగ్గరికా? మీరు రెడీ చేసుకున్న ప్రార్థన కాసేపు పక్కన పెట్టి ఆ విషయమే ఆయనతో మాట్లాడండి.