తెలియదు – 7 రూపాయలు

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెలలో ఒక రాత్రి మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. గొడవ అనకూడదు లెండి, విచారణ అనాలి. నెలాఖరు కదా, డబ్బులు ఎటు పోయాయో చూద్దామని ఫోన్లో బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి మా ఆవిడా నేనూ కూర్చున్నాం. కరెంటు బిల్లు, గ్యాసు, పాలు. అన్నీ తెలిసినవే. మధ్యలో ఒక పేరు వచ్చింది. మగమనిషి పేరు, ఇంటిపేరుతో సహా. ఇంకాస్త కిందికి వెళ్తే మళ్ళీ అదే పేరు. మళ్ళీ అదే. లెక్కపెడితే నెలలో ముప్ఫై నాలుగుసార్లు! పదకొండుసార్లు 15 రూపాయలు, ఇరవైసార్లు 30, మూడుసార్లు 110. మొత్తం 1,095 రూపాయలు.

"ఎవరండీ ఈయన?" అంది మా ఆవిడ.

"తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు.

"తెలియని మనిషికి రోజూ డబ్బులు పంపిస్తున్నారా? ఎక్కడైనా అప్పుగానీ చేశారా?"

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఖాతాలోంచి ఎవరో కొంచెం కొంచెంగా లాగేస్తున్నారేమోనని టెన్షన్. మర్నాడు సాయంత్రం ఇంటికొస్తూ అలవాటు ప్రకారం మన విశాఖ మద్దిలపాలెంలో ఆగాను. టీ తాగాను. బండికి అతికించిన క్యూఆర్ కోడ్ మీద ఫోను పెట్టాను. తెర మీద ఆ పేరే వచ్చింది!

మా టీ బాబాయ్. ఆరేళ్ళుగా నేనాయన్ని బాబాయ్ అంటున్నాను, ఆయన నన్ను మాస్టారూ అంటున్నాడు. నేను మాస్టార్ని కాదు. ఆయన పేరు నాకు తెలియదు, నా ఉద్యోగం ఆయనకి తెలియదు. ఆరేళ్ళ స్నేహం!

15 అంటే నా ఒక్కడి టీ. 30 అంటే పక్కన స్నేహితుడు కూడా ఉన్నట్టు. మరి 110 ఏమిటి? ఆయన్నే అడిగాను. "ఏటి మాస్టారూ, ఆ వాన రోజు మర్చిపోయారా? అందరం ఈ పరదా కింద ఇరుక్కుపోతే అందరికీ కలిపి మీరే కట్టారు కదా" అన్నాడు. సరే, ఒక 110 తేలింది. మిగతా రెండు ఆయనకీ గుర్తు లేవు, నాకూ గుర్తు లేవు.

చూడండి, యూపీఐ 2016లో వచ్చింది. ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా ఫోనే తీస్తున్నాం. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది ఫోను గుర్తుపెట్టుకుంటుంది. ఎందుకు అన్నది మాత్రం దానికి తెలియదు. ఖర్చు రాసుకోవడంలో అసలు సంగతి ఆ 'ఎందుకు' అనేదే కదా! యూపీఐ లైట్ అని, చిన్న ఖర్చులకి ముందే కొంత డబ్బు వేసిపెట్టుకునే ఫోను పర్సు లాంటిది ఉంది కదా, అది వాడేవాళ్ళకి ఇంకో చిక్కు. అందులో 500 వేసుకుంటే పాస్‌బుక్కులో ఆ 500 ఒక్కటే పడుతుంది. ఆ తరవాత అందులోంచి ఇచ్చే పదులూ ఇరవైలూ అక్కడ విడివిడిగా కనబడవు.

మా పెదనాన్నగారి చిట్టాలో మాత్రం 'ఎందుకు' ఉండేది. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి దగ్గర్లో ఉండేవారు. జేబులో పట్టేంత పుస్తకం, పొట్టి పెన్సిలు. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళొస్తే 'వంకాయలు, పచ్చిమిరప' అని ఒక వరుస. మార్గశిర గురువారం అయితే 'అమ్మవారికి పసుపు, కొబ్బరికాయ'. రాత్రి భోజనం అయ్యాక జేబులో చిల్లర చాప మీద పోసి లెక్కపెట్టేవారు. పొద్దున్న ఉన్నది ఇంత, ఖర్చు ఇంత, నిల్వ ఇంత ఉండాలి. ఉండేది కాదు! ఎవరికి మాత్రం సరిపోతుంది చెప్పండి? అప్పుడాయన ఇంకో వరుస రాసేవారు: 'తెలియదు – 7 రూపాయలు'. కింద గీత గీసి పడుకునేవారు.

చిన్నప్పుడు నాకది నవ్వుగా ఉండేది. ఇప్పుడు చూస్తే ఆ పుస్తకం అన్నేళ్ళు నడవడానికి కారణం ఆ వరుసేననిపిస్తుంది. మనం జనవరి ఒకటిన కొత్త డైరీ తెస్తాం, రంగు పెన్నులు తెస్తాం. నాలుగోరోజు ఎనభై రూపాయలు తేడా వస్తుంది. ఎంత ఆలోచించినా గుర్తు రాదు. రేపు రాద్దాం అనుకుంటాం. ఆ రేపు రాదు. డైరీ చాకలిపద్దుకి కూడా పనికిరాకుండా అటక ఎక్కుతుంది. నా డైరీలు మూడున్నాయి అక్కడ.

కాబట్టి నేను ఇప్పుడు చేస్తున్న పని ఒక్కటే చెబుతాను. డబ్బు పంపేటప్పుడు చాలా యాప్‌లలో అంకె వేసే చోటే చిన్న గడి ఉంటుంది, ఒక మాట రాసుకోవడానికి. మనలో ఎక్కువమందిమి దాన్ని ముట్టుకోం. అందులో ఒక్క మాట కొట్టండి. 'టీ'. 'కూర'. 'చెప్పు కుట్టించడం'. పిన్ నొక్కే ముందే కొట్టాలి, తరవాత రాద్దామంటే కుదరదు. నెలాఖరున యాప్‌లోనే ఆ పేరు మీద నొక్కితే పక్కన ఆ మాట కనబడుతుంది. ఇక చేతి డబ్బు సంగతి. షేర్ ఆటోకి, రైతు బజారులో చిల్లరకి ఇచ్చినవి రాత్రి ఒక కాగితం మీద రాస్తున్నాను. తేడా వస్తే పెదనాన్నగారి వరుసే.

నా పోయిన నెల లెక్కలో 'తెలియదు – 220' అని ఉంది. ఆ రెండు 110లు. మా ఆవిడ దాన్ని ఒప్పుకుంది. మిగతా టీల వరుస మాత్రం ఒప్పుకోలేదు. ఫ్లాస్కు కొంటానంటోంది. ఫ్లాస్కులో టీ వస్తుంది గానీ బాబాయ్ రాడు కదా! ఆ మాట ఇంట్లో ఇంకా అనలేదు, రేడియోలో అంటున్నాను.

ఈ ప్రసంగానికి సిరిపురం వస్తూ ఆటోకి నలభై ఇచ్చాను. నగదు. రాసుకోలేదు. మీరు వింటుండగానే ఈ స్క్రిప్టు వెనక రాసేస్తున్నాను: ఆటో, 40. నమస్కారం.