అన్నం దొంగిలించిన సిపాయి

(హన్మకొండలో ఎన్‌సీసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వీరత్వం మీద మాట్లాడమని పిలిచారు. నేను ఒక దొంగ గురించి చెప్తాను.

పేరు టిబోర్ రూబిన్. 1929లో హంగరీలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. నాజీలు ఆ పిల్లవాణ్ణి మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో పడేశారు. పద్నాలుగు నెలలు అందులోనే. 1945 మే 5న అమెరికా సైనికులు వచ్చి విడిపించేనాటికి అతనికి పదహారు కూడా నిండలేదు. అమ్మ, నాన్న, చెల్లె అప్పటికే లేరు. అమెరికాకు పోతే ఆ సైన్యంలోనే చేరాలని అప్పుడే అనుకున్నాడు.

1948లో న్యూయార్క్ చేరాడు. సైన్యంలో చేరబోతే ఇంగ్లిష్ పరీక్షలో ఫెయిల్. 1950లో మళ్ళీ రాసి, పక్కవాళ్ళ సాయంతో పాసయ్యాడు. ఈ ఒక్క విషయంలో మీరు ఆయన దారిలో పోకండి!

అదే ఏడాది కొరియా యుద్ధం. అప్పటికింకా ఆయన అమెరికా పౌరుడు కూడా కాదు. తన రెజిమెంటు దక్షిణ కొరియాలోని పుసాన్ రేవు వైపు వెనక్కి తగ్గుతుంటే ఒక గుట్ట మీద ఒక్కడే నిలబడి, శత్రువును 24 గంటలు ఆపాడు. పై అధికారులు పతకానికి సిఫారసు చెయ్యమన్నారు. కానీ ఆయన సార్జెంటుకు యూదులంటే పడదు, కాగితం కదలనివ్వలేదు. తోటి సైనికులు ఏళ్ళ తరబడి సాక్ష్యాలు రాసిచ్చాక, 2005 సెప్టెంబర్ 23న అమెరికాలో అత్యున్నత సైనిక పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, చేతికొచ్చింది. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. పతకం సంగతి ఇంతే. నేను చెప్పాలనుకున్నది గుట్ట గురించి కాదు.

1950 చివర్లో ఉన్‌సాన్ దగ్గర మెషిన్‌గన్ గుండ్లు అయిపోయేదాకా కాల్చి, చివరికి ఉత్తర కొరియా తరఫున దిగిన చైనా సైన్యానికి దొరికిపోయాడు. ఖైదీల శిబిరంలో సుమారు రెండున్నరేళ్ళు. తిండి అంటే మొక్కజొన్న నూక, జొన్నలు. మక్క గట్క మనం ఇష్టంగానే తింటాం, కానీ గడ్డకట్టే చలిలో, సగం ఉడికింది, గుప్పెడంత ఇస్తే మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు? పక్కవాడు పొద్దున లేవకపోవడం అక్కడ మామూలైపోయింది. రూబిన్ రాత్రిళ్ళు శిబిరం దాటి చైనావాళ్ళ సామాన్ల గదుల్లో, తోటల్లో తిండి దొంగిలించి తెచ్చి పంచేవాడు. దొరికితే చావే. జబ్బుపడ్డవాళ్ళను ఎత్తుకుని దొడ్డికి తీసుకెళ్ళేవాడు. ఎవర్ని ఎలా బతికించుకోవాలో మౌట్‌హౌజెన్‌లో నేర్చుకుని వచ్చినవాడు మరి. అలా నలభై మంది దాకా బతికారని పతకం పత్రంలోనే రాశారు. హంగరీకి పంపిస్తామని చైనావాళ్ళు అడిగితే, వద్దన్నాడు.

ఈ కథ ఒకసారి జగిత్యాల్లో మా బావకు చెప్పాను. ఆయన దుబాయిలో పదేళ్ళు లేబర్ క్యాంపులో ఉండి వచ్చినవాడు. గుట్ట గురించి ఒక్క మాట అడగలేదు. కాసేపు ఊరుకుని, "అంత బయటికి పోయినోడు, మళ్ళ లోపలికి ఎందుకొచ్చిండు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆయనే, "లోపల మనోళ్ళు ఆకలితోని ఉన్నరు గద" అనుకున్నాడు.