ఫర్గాటెన్ రెల్మ్స్ మ్యాపులు: ఎడిషన్ మారినప్పుడల్లా ఊళ్ళు ఎందుకు జరుగుతాయి?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వీడియోకి కారణం ఇదిగో, మ్యాపు మీద పరిచి దూరాలు కొలుచుకునే ఈ గడుల ప్లాస్టిక్ షీటు. వైజాగ్‌లో బోర్డు గేముల సామాను అమ్మేవాళ్ళు పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, షీటు మాత్రం ఫ్రీ. "ఏదో ఒక మ్యాపు మీద వేసి చూపించండి సార్, చాలు" అన్నారు. సరే, ఒక్క మ్యాపే కదా అని అటకెక్కాను. ఒకటి లాగితే దాని వెనకాల ఇంకోటి వచ్చింది. ఇప్పుడు మా హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఏటిరా ఇది, భూమి సర్వే చేస్తన్నావా?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏ పుస్తకం ఎన్ని పేజీలు, ఇప్పుడు ఎంతకి దొరుకుతుంది, ఇవన్నీ మీరు వేరే ఛానెళ్ళలో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా కథ ఆడే ఆట. ఆ కథలు నడిచే లోకాల్లో ఒకటి ఫర్గాటెన్ రెల్మ్స్. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా ఆయన చిన్నప్పుడే ఊహించుకున్న లోకం ఇది. అందులో పెద్ద ఖండం పేరు ఫేరూన్. ఇదే ఖండాన్ని ఎడిషన్ ఎడిషన్‌కీ, అంటే ఆట రూల్స్ కొత్తగా రాసినప్పుడల్లా, మళ్ళీ గీశారు. నేను డీఎంని, అంటే టేబుల్ దగ్గర కథ నడిపేవాణ్ణి. కాబట్టి మ్యాపు చూడగానే నాకు వచ్చే మొదటి ప్రశ్న "ఎంత బాగుంది?" కాదు, "ఇక్కణ్ణుంచి అక్కడికి ఎన్ని రోజులు?"

మొదట ఇదిగో, 1987 పెట్టె. బూడిద రంగులో ఉంటుంది కాబట్టి అందరూ గ్రే బాక్స్ అంటారు. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో కొని, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చాడు. లోపల నాలుగు పెద్ద మ్యాపులు. రెండు దూరం నుంచి చూసినట్టుంటాయి, అంగుళానికి 90 మైళ్ళు. ఇంకో రెండు దగ్గర నుంచి చూసినట్టుంటాయి, అంగుళానికి 30 మైళ్ళు. నేను చెప్పాలనుకున్నది వీటి గురించి కాదు. ఈ పెట్టెలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్లు కూడా ఇచ్చారు. వాటి మీద తేనెపట్టు గదుల్లాగా ఆరు పలకల గడులు, అంటే హెక్స్‌లు అచ్చేసి ఉంటాయి. మ్యాపు మీద గీతలుండవు, బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. కొలవాలనుకున్నప్పుడు షీటు పరుచుకోవాలి, అయిపోయాక తీసేయాలి. ఈ ఆలోచన వచ్చినవాళ్ళకి దండం పెట్టొచ్చు.

నా పెట్టెలో ఒక్క షీటే మిగిలింది. అది కూడా పసుపెక్కి, చాపలాగా చుట్టుకుపోయింది. ఒక చివర స్టీలు గ్లాసు, ఇంకో చివర దువ్వెన పెడితే గానీ పడుకోదు. అందుకే ఫ్రీ షీటు అనగానే నేను ఎగిరి గంతేశాను, దాచేదేముంది.

ఇప్పుడు ఆ కొత్త షీటు పరుస్తున్నాను చూడండి. కెమెరా కొంచెం కిందకి. ఆ, ఇక్కడ. ఈ గడి ఒక అంగుళం. అంటే పెద్ద మ్యాపు మీద 90 మైళ్ళు, 145 కిలోమీటర్లు అనుకోండి. మన లెక్కలో చెప్పాలంటే, శ్రీకాకుళంలో బయల్దేరి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం అన్నీ దాటి ఒడిశాలో కాలు పెట్టేంత దూరం. అదంతా నా బొటనవేలి గోరు కింద ఉంది! ఐదో ఎడిషన్ రూల్స్‌లో మామూలు నడకకి రోజుకి 24 మైళ్ళు. కాబట్టి ఈ ఒక్క గడి దాటడానికి దాదాపు నాలుగు రోజులు. నాలుగు రోజుల తిండి, నాలుగు రాత్రుల కాపలా, నాలుగు సార్లు "రాత్రి ఏదైనా వచ్చిందా?" అని పాచికలు వేయడం. మ్యాపు మీద అంగుళం ఖాళీ జాగా కనిపించినప్పుడు ఆటగాళ్ళు "అక్కడేం లేదుగా, దాటేద్దాం" అంటారు. షీటు పరిచి లెక్క చెప్తే టేబుల్ దగ్గర ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. నాకు ఆ నిమిషమంటే ప్రాణం.

24 మైళ్ళంటే ఎంతో మా వాళ్ళకి బుర్రకెక్కించడానికి చాలా తంటాలు పడ్డాను. చివరికి ఇలా చెప్పాను. శ్రీకాకుళం నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు. పొద్దున్నే డే అండ్ నైట్ జంక్షన్‌లో టీ తాగి నడక మొదలుపెడితే, రణస్థలం దాటిన కాసేపటికి చీకటి పడుతుంది. అక్కడే ఎక్కడో పడుకోవాలి. రెండో రోజు నాతవలస దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగితే సాయంత్రానికి గంటస్తంభం. బస్సులో గంటన్నరలో అయిపోయే దారి రెండు రోజుల అడ్వెంచర్ అన్నమాట. ఆ తర్వాత ఎవరూ నన్ను మైళ్ళ గురించి అడగలేదు.

ఇక్కడ పక్కకి వెళ్తున్నాను, తిట్టుకోకండి. ఇదే ఆటలో ఇంకో లోకం ఉంది, గ్రేహాక్. 1980లో డార్లీన్ అనే ఆర్టిస్ట్ గీసిన మ్యాపు అది. ఆ అక్షరాలు, అడవుల రంగులు చూస్తే ఫ్రేము కట్టి గోడకి పెట్టుకోవాలనిపిస్తుంది. నేను ఇప్పటిదాకా చూసిన ఆట మ్యాపులన్నిటిలో అందమైనది అదే, అందులో నాకు రెండో మాట లేదు. హెక్స్‌లు మ్యాపు మీదే ఉంటాయి, ఒక్కోటి 30 మైళ్ళు. సమస్య అక్కడే! రోజుకి 24 మైళ్ళు నడిచేవాడు 30 మైళ్ళ గడిలో ఎక్కడ పడుకోవాలి? ప్రతి సాయంత్రం గడి మధ్యలో ఆగిపోయి, మిగిలిన ఆరు మైళ్ళు ఎక్కడో రాసిపెట్టుకోవాలి. 1981లో వచ్చిన ఐల్ ఆఫ్ డ్రెడ్ అనే చిన్న పుస్తకంలో పెద్ద మ్యాపుకి గడి 24 మైళ్ళు, దీవి మ్యాపుకి ఆరు మైళ్ళు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. ఎంత హాయిగా ఉందో చూశారా! ఈ రోజు లెక్కలతో ఆడినా సరిగ్గా సరిపోతుంది.

సరే, ఫేరూన్‌కి వచ్చేద్దాం. ఇది 2001, మూడో ఎడిషన్ పుస్తకం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంతలో దొరికింది. లోపల మ్యాపు చిరక్కుండా ఉండటం నా అదృష్టం. ఆ తర్వాత జరిగింది నా ఖర్మ. మడతల దగ్గర రంగు పోతోందని లామినేషన్‌కి ఇచ్చాను. ఏ షాపో చెప్పను, ఆయన తప్పు కూడా పెద్దగా లేదు, అంత పెద్ద కాగితం ఎప్పుడూ చేసి ఉండడు. ఇదిగో, ఎడమ పక్క తీరం మీద ఇడ్లీ అంత బుడగ. కొంచెం దగ్గరకి చూపిస్తాను. కింద ఏ ఊరుందో చదవలేం. మా ఆటలో ఆ బుడగకి పేరు పెట్టేశారు, "మాయా సరస్సు" అని. ఒకడైతే అందులో చేపలు పట్టాలని కూడా చూశాడు.

బుడగ సంగతి వదిలేస్తే మ్యాపు బ్రహ్మాండంగా ఉంటుంది. కొండలు కొండల్లాగా లేచి కనిపిస్తాయి. కొత్తవాళ్ళ ముందు మొదట ఏది పరుస్తావంటే ఇదే పరుస్తాను. కానీ దీన్ని గీసేటప్పుడు ఖండాన్ని కుదించేశారు. ఒకే షీటులో పట్టాలని, ఖాళీ జాగా తగ్గించాలని భూముల్ని దగ్గరకి జరిపారు. చెప్తే తప్ప కంటికి తెలీదు. మాకు ఎలా తెలిసిందంటే, మా గ్రూపులో ఒక లెక్కల మాస్టారున్నారు, ఆముదాలవలస నుంచి వస్తారు. తిండి లెక్కంతా ఆయన నోటుబుక్కులో ఉంటుంది. గ్రే బాక్స్ మీద మొదలుపెట్టిన కథని నేను మధ్యలో ఈ మ్యాపు మీదకి మార్చాను, అందంగా ఉంది కదా అని. వెళ్ళిన దారినే తిరిగొస్తున్నాం. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి, "గురూ, వెళ్ళేటప్పుడు ఎక్కువ రోజులు, వచ్చేటప్పుడు తక్కువ రోజులా? రోడ్డేమైనా వేశారా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. "గాలి వాటం బాగుంది" అన్నాను. గాలి వాటం నోటుబుక్కులో ఎక్కదు కదా! మిగిలిన తిండి పొట్లాలు ఎనిమిది, అవి నా తప్పుకి సాక్ష్యంగా ఆ పేజీలో ఇప్పటికీ ఉన్నాయి.

దీనికి కాస్త ముందు కరెన్ విన్ ఫాన్‌స్టాడ్ అనే భూగోళ శాస్త్రవేత్త ఈ లోకానికి ఒక అట్లాస్ చేశారు, 1990లో. అంత శ్రద్ధగా కొలిచి గీసిన పుస్తకం వచ్చాక, మళ్ళీ పదేళ్ళకే కాగితం సైజు కోసం ఖండాన్ని నొక్కేయడం ఏంటండీ? నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నాలుగో ఎడిషన్, 2008. దీర్ఘంగా ఊపిరి తీసుకోనివ్వండి. ఇది మ్యాపుని కుదించడం కాదు, కూల్చడం. కథలో 1385వ సంవత్సరంలో స్పెల్‌ప్లేగ్ అనే విపత్తు వచ్చింది, మాయాశక్తి అదుపు తప్పింది. కథని 1479కి, అంటే దాదాపు వందేళ్ళు ముందుకి తోసేశారు. మ్యాపు పరిస్తే ముల్హొరాండ్ లేదు. ఉంథర్ ఉండాల్సిన చోట టైమాంథర్ అనే కొత్త దేశం. మాంత్రికుల దేశం హాల్రువా నాశనం. నడిమధ్యలో ఉన్న సీ ఆఫ్ ఫాలెన్ స్టార్స్‌లో నీళ్ళు దిగిపోయి తీరాలు మారిపోయాయి. కింద అండర్‌కాజమ్ అని దేశాలంత వెడల్పు గొయ్యి.

నా ఆటగాళ్ళలో ఒకడి క్యారెక్టర్ సొంతూరు ముల్హొరాండ్‌లో ఉంది. తాతగారి ఇల్లు, నది, గుడి, అన్నీ వాడే పేజీల కొద్దీ రాసుకున్నాడు. నేను కొత్త మ్యాపు పరిచాను. వాడు వేలితో వెతికాడు, వెతికాడు. "మా ఊరేది?" అన్నాడు. నేనేం చెప్పాలి?

మనకి జిల్లా మారడం కొత్త కాదు, ఒప్పుకుంటాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం మన శ్రీకాకుళంలోంచి విజయనగరంలోకి వెళ్ళింది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. మా గ్రూపులో రాజాం కుర్రాడు కూడా ఉన్నాడు. "నేను మంచం మీంచి దిగకుండానే జిల్లా దాటేశాను" అంటాడు. అయినా రాజాం రాజాంలోనే ఉంది, బస్టాండు బస్టాండులోనే ఉంది. బోర్డు మీద పేరు మారింది అంతే. ఇక్కడ బస్టాండునే గొయ్యిలోకి తోసేశారు! ఆ మ్యాపు ఎంత నైపుణ్యంతో గీశారో చెప్పమంటే చెప్పగలను, కానీ నాకు చెప్పబుద్ధి కావడం లేదు. షీటు పరిచి కూడా చూడలేదు. మడత పెట్టేస్తున్నాను. ఇదిగో, పెట్టేశాను.

ఐదో ఎడిషన్‌లో మళ్ళీ కొంత సర్దారు, ముల్హొరాండ్, హాల్రువా తిరిగొచ్చాయి. 2015 స్వోర్డ్ కోస్ట్ పుస్తకం మాత్రం పేరుకి తగ్గట్టు పడమటి తీరం చుట్టూనే తిరుగుతుంది. మ్యాపు శుభ్రంగా ఉంది, చదవడానికి సుఖం. మావాడి తాతగారి ఇల్లు తిరిగొచ్చింది గానీ, చూద్దామంటే ఈ పుస్తకంలో అటువైపు అంత చోటివ్వలేదు.

ఐదో ఎడిషన్‌లో నాకు నచ్చిన మ్యాపు వేరే. 2017లో వచ్చిన టూంబ్ ఆఫ్ ఆనైహిలేషన్ అనే కథ పుస్తకంలో చల్ట్ అడవి మ్యాపు. డీఎంకి ఇచ్చే మ్యాపులో అన్నీ ఉంటాయి. ఆటగాళ్ళకి ఇచ్చేదాంట్లో అడవి లోపల దాదాపు అంతా ఖాళీ హెక్స్‌లు. గడి పది మైళ్ళు, దట్టమైన అడవి కాబట్టి నడిస్తే రోజుకి ఒక గడే, నదిలో పడవ మీద రెండు గడులు. ఆటగాళ్ళే పెన్సిల్‌తో నింపుకుంటూ పోవాలి. మా లెక్కల మాస్టారు ఆ కాగితాన్ని నా దగ్గర్నుంచి లాక్కుని, ఇంటికి తీసుకెళ్ళి, రంగు పెన్సిళ్ళు కొన్నారు. యాభై రెండేళ్ళ మనిషండీ!

ఇక షీటు సంగతి. మర్చిపోయాననుకుంటున్నారు వైజాగ్ వాళ్ళు. ప్లాస్టిక్ మందంగా ఉంది, చుట్టుకోదు, అది మంచి విషయం. గీతలు మాత్రం లావుగా వేశారు, చిన్న అక్షరాల ఊళ్ళు వాటి కింద పోతున్నాయి. నా రింగ్ లైటు పడితే అద్దంలాగా మెరుస్తోంది, ఇందాకటి నుంచి మీకు నా ముఖమే కనిపిస్తోందేమో! మరో చిక్కు, దుమ్మంతా దీనికే అంటుకుంటోంది. గీతలు సన్నం చేసి పంపితే ఈసారి డబ్బులిచ్చి కొంటాను. ఇప్పుడున్నది కొనాలా అంటే, గ్రే బాక్స్ గానీ దాని ప్రింట్ గానీ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి. 2001 మ్యాపు మీద వాడితే మాత్రం దాని స్కేలు చూసుకుని మళ్ళీ లెక్కేసుకోవాలి, నాలాగా గాలి వాటం మీద తోసేయకండి.

మ్యాపుల్లో నా ఓటు 1987కే. రంగుల్లో 2001 ముందు ఇది నిలబడదు, మడతలు తెల్లబడ్డాయి, ఒక మూల మా పెద్దమ్మ కొడుకు సూట్‌కేసులోని ఆవకాయ నూనె మరక కూడా ఉంది. అయినా సరే.

వచ్చే ఆదివారం ఆట ఉంది. ముల్హొరాండ్ కుర్రాడు గ్రే బాక్స్ మ్యాపే పరచమన్నాడు. తీరం నుంచి వాళ్ళ ఊరికి ఎన్ని గడులో మాస్టారు అప్పుడే ఫోన్ చేసి అడిగారు. పదిహేను దాకా లెక్కపెట్టాను, అమ్మ భోజనానికి పిలిచింది. ఎక్కడ ఆపానో గుర్తుగా ఒక కందిగింజ పెట్టి వెళ్తున్నాను.